మేడ మీది న్యాయం

పోయిన వారం మన అద్దాలాయన్ని మెట్ల మధ్యలో, రెండు చేతులూ బార్లా చాపించి, నిలబెట్టి వచ్చేశాం. వారం రోజులుగా పాపం అలాగే ఉన్నాడు. భుజాలు లాగేస్తుంటాయి. ముందు ఆయన చేతులు దించే ఉపాయం చూద్దాం.

కొత్తగా వచ్చి కూర్చున్నవారి కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను, పాతవాళ్ళు ఈలోగా ఒక గుక్క టీ తాగండి. అద్దాలాయన అంటే కళ్ళద్దాల షాపాయన. ఊరందరి చూపూ సరిచేస్తాడు. ఆయన కంటికి దూరానివన్నీ బ్రహ్మాండంగా కనిపిస్తాయి, ముక్కు కింద ఉన్నదే కాస్త మసక. చర్చిలో పుస్తకాల సంఘం పెట్టింది ఆయనే. ఆదివారం ఆరాధన అయ్యాక ఓ పదిమంది చేరి, లోకంలోని అన్యాయాల మీద రాసిన పుస్తకం ఒకటి పట్టుకుని, వంతులవారీగా పైకి చదువుకుని, టీ తాగి ఇళ్ళకు పోతారు. కూలీల గురించి చదివారు, అయ్యో అన్నారు. ఇల్లు లేనివాళ్ళ గురించి చదివారు, అయ్యయ్యో అన్నారు. అన్యాయం ఎంత పెద్దదైతే ఆ వారం బిస్కెట్లు అంత ఎక్కువ తెగేవి.

ఇంత హాయిగా సాగే సంఘంలో ముల్లు ఒక్కటే. అది అద్దాలాయన వదిన.

అమ్మా నాన్నా పోయాక ఈయన్ని పెంచింది ఆవిడే. అ ఆలు దిద్దించింది, అన్నం తినిపించింది, అవసరమైనప్పుడు వీపు కూడా సాపు చేసింది. సండే స్కూల్లో ఏళ్ళ తరబడి పాఠం చెప్పడంతో సంఘమంతటికీ టీచరమ్మ. ఆ మధ్య జరిగిన రోడ్డు ప్రమాదంలో భర్తా పోయాడు, తన కాళ్ళూ పడిపోయాయి. చక్రాల కుర్చీతో మరిది ఇంట్లో దిగింది. పడిపోయింది కాళ్ళేగానీ నోరు కాదు. ప్రతి అధ్యాయం అవగానే చెయ్యెత్తేది. "చాలా బాగుందర్రా. అయితే మనమేం చేద్దాం?" అనేది. కూలీల పుస్తకం నాడు వకీలుగారిని పట్టుకుని, "మీ గుమస్తా మధ్యాహ్నం అన్నం ఎక్కడ కూర్చుని తింటాడు బాబూ?" అంది. వకీలుగారికి బిస్కెట్టు అడ్డం పడింది. కోర్టులో ఎవరి ప్రశ్నకీ తడబడని మనిషి, మంచినీళ్ళ కోసం బల్లంతా తడుముకున్నాడు.

ఆ తర్వాత రెండు మూడు వారాలకే పుస్తకాల సంఘం కింది హాలు వదిలి మేడగదికి చేరింది. ఇరుకు మెట్లు, మధ్యలో ఓ మలుపు. కుర్చీ ఎక్కే దారే లేదు. "కింది హాలు గోడలకి చెమ్మ పట్టింది వదినా, ఆరోగ్యాలు పాడవుతాయి" అన్నాడు అద్దాలాయన. హాలు తలుపుకి 'చెమ్మ ఉంది, లోపలికి రాకండి' అని తనే రాసి అంటించాడు. అంతటితో ఊరుకోక, "అయినా ప్రభువు కూడా శిష్యుల్ని మేడగదికే కదా పిలిచాడు" అని నవ్వాడు. "పిలిచాడయ్యా. అక్కడే వాళ్ళ కాళ్ళు కూడా కడిగాడు" అని ఆవిడ ఊరుకుంది. అప్పట్నుంచీ ఆదివారం ఆ గంటసేపూ పక్క వరండాలో నీడపట్టున కూర్చుని, వీళ్ళు దిగేదాకా ఎదురుచూస్తోంది. అలా అని అద్దాలాయన నమ్మకం.

చెమ్మ లేదు. హాలు గోడలు అప్పడాల్లా పెళపెళలాడుతున్నాయి. అద్దాలకీ అబద్ధాలకీ మధ్య ఎంత దూరం ఉంటుందండీ? ఒక్క అక్షరం. అది దాటేశాడు.

ఇక ఇప్పుడు చదువుతున్న పుస్తకం. అది మెట్లూ గడపలూ అడ్డమై బయటే ఉండిపోయిన మనుషుల గురించి. నవ్వకండి. మేడెక్కి మరీ చదివారు. ఒక్కరికీ అనుమానం రాలేదు. చివరి పేజీ ఎవరు చదివితే వాళ్ళు పుస్తకం మూసి ఒక పని చెప్పాలి, టీ తాగేలోపు అందరూ అది చెయ్యాలి, ఇదీ ఈ సంఘం ఆచారం. ఇన్నాళ్ళూ అందరూ "లేచి నిలబడి మౌనంగా ఉందాం" లాంటి కాళ్ళు నొప్పెట్టని పనులే చెప్పేవారు. పోయిన వారం చివరి పేజీ చర్చిలో కీబోర్డు వాయించే ఆయన కొత్తకోడలికి వచ్చింది. ఆ పిల్ల పుస్తకం మూసి, చుట్టూ చూసి, "ఇదంతా చదవడానికి మనం ఇన్ని మెట్లెందుకు ఎక్కామండీ? పదండి, కింది హాల్లో కూర్చుందాం" అంది. అద్దాలాయన అందరికంటే ముందు గుమ్మం దాటి, మెట్ల మలుపులో అడ్డం నిలబడ్డాడు. అక్కడే మనం ఆగాం.

"చెమ్మండీ! చెమ్మ!" అంటున్నాడు ఆయన.

"గోడకే కదా అంకుల్, మనకి కాదుగా" అంది కొత్తకోడలు పై మెట్టు మీంచి.

"అది పాకుతుందమ్మా. గోడ మీంచి ఊపిరితిత్తుల్లోకి పాకుతుంది."

"చెమ్మ పాకుతుందో లేదోగానీ, బ్రదరూ, మీ నుదుటి మీద చెమట మాత్రం పరిగెడుతోంది" అన్నారు వకీలుగారు. "జరగండి. ఆచారం ఆచారమే. ఈ ఇరుకులో ఇంకాసేపు నిలబెట్టారంటే మేడ మాట దేవుడెరుగు, నా మెడ పట్టేస్తుంది."

వెనక ఉన్నవాళ్ళు నవ్వారు. అందరికంటే చివర అద్దాలాయన భార్య నిలబడి ఉంది. ఆవిడ నవ్వలేదు. కిటికీలోంచి బయటికి చూస్తోంది.

పదిమంది దిగుతుంటే ఒక్క మనిషి ఎంతసేపు ఆపుతాడు? మెట్టు దిగడం రానివాణ్ణి జనమే దింపుతారు. వెనక్కి వెనక్కి నడుస్తూ ఆయనా దిగాడు. ఆయన మనసులో ఇప్పుడు ఉన్నది ఒక్కటే గోల. వీళ్ళు గోడ తడిమి చూస్తారు. వకీలు ఎగతాళి చేస్తాడు, చెయ్యనీ. కొత్తకోడలు నాలుగిళ్ళలో చెబుతుంది, చెప్పనీ. కానీ వరండాలో ఉన్న వదిన చెవిన పడితే? పలకా బలపం పట్టించిన చేతికి, తను ఆ రాత నేర్చుకుని తలుపు మీద ఏం రాశాడో తెలిస్తే? ఆవిడ ఎదుట తలెత్తుకోగలగడం ఒక్కటే ఆయనకి ఈ ఊళ్ళో ఉన్న ఆస్తి. మిగతాదంతా షాపు.

తాళం వేసి ఉంటుందిలే అన్న ఆశ ఒకటి మిగిలి ఉంది. వకీలుగారు తలుపు మీద చెయ్యి వేశారు. తలుపు మర్యాదగా తెరుచుకుంది.

లోపల కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. ఫ్యాను తిరుగుతోంది. గుండ్రానికి ఒక పక్కన వదిన తన చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్ళో అదే పుస్తకం, చివరి పేజీల దగ్గర వేలు పెట్టి మూసి ఉంది.

ఎవరూ గడప దాటలేదు. అద్దాలాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. వదిన అక్కడే ఉంది.

"అదేంటర్రా అలా నిలబడిపోయారు, రండి రండి" అంది ఆవిడ. "కుర్చీలు ఊడ్చే అమ్మాయి చేత వేయించాను. సరిపోతాయా?"

"టీచరమ్మా... ఇక్కడ చెమ్మ అన్నారు కదండీ?" అన్నారు వకీలుగారు.

ఆవిడ మరిది మొహం వైపు ఒక్క క్షణం చూసింది. తర్వాత గోడ వైపు చూసింది.

"ఉండేది బాబూ. చాలా ఉండేది. ఇవాళే ఆరింది" అంది.

"చూశారా! ఆరిందట!" అని వకీలుగారు పొంగిపోయి ముందు కుర్చీ ఆక్రమించారు. అందరూ ఒక్కసారిగా ఊపిరి వదిలి లోపలికి వచ్చారు. టీ ఫ్లాస్కు దిగింది. బిస్కెట్లు దిగాయి. "ఇక్కడే హాయిగా ఉంది సుమండీ" అన్నారొకరు. "గాలి ఎంత బాగా ఆడుతోందో" అన్నారు ఇంకొకరు. ఇన్నాళ్ళూ మేడ మీద గాలి గురించి ఇవే నోళ్ళు ఇవే మాటలు చెప్పాయి.

కొత్తకోడలు మాత్రం కూర్చోకుండా గోడ వెంబడే వేళ్ళు రాస్తూ నడిచింది. "ఇంత చెమ్మ ఆరితే మచ్చయినా ఉండాలిగా టీచరమ్మగారూ? సున్నం పెచ్చు కూడా లేవలేదు."

"గోడలూ మనుషుల్లాంటివేనమ్మా" అంది వదిన. "లోపల ఎంత నానినా పైకి తెలీనివ్వవు. నువ్వు కూర్చుని టీ తాగు, చల్లారిపోతుంది."

మరిదికి అర్థమైంది. ఆవిడకి తెలుసు. అంతా తెలిసే గొడుగు పట్టింది. లేని వానకి పట్టిన గొడుగు. తిట్టి ఉంటే ఆయన ఏదో ఒకటి తిరిగి అనేవాడు, నాలుగు జోకులు వేసి తప్పించుకునేవాడు. ఎగతాళి చేసి ఉంటే బతికిపోయేవాడు. నలుగురిలో ఆయన పరువు కోసం ఆవిడ తన నోటితో అబద్ధం ఆడింది. సండే స్కూల్లో అబద్ధం ఆడిన పిల్లల్ని బల్లెక్కించిన నోరది. ఆ నోటి చేత ఈ మాట అనిపించింది తనే. గోడకి పట్టని చెమ్మంతా ఆయన కళ్ళలోకి పట్టింది.

కుర్చీ ఖాళీ ఉన్నా కూర్చోలేక, వదిన పక్కకు వెళ్ళి వంగి, "ఎప్పట్నుంచి ఇక్కడ కూర్చుంటున్నావు వదినా?" అన్నాడు చిన్నగా.

"మీరు పైకి వెళ్ళిన మొదటి ఆదివారం నుంచీ" అంది ఆవిడా చిన్నగానే. "వరండాలో ఎండ తిరుగుతుందయ్యా. ఇక్కడైతే మీ చప్పుడు వినపడుతుంది. కుర్చీలు జరిపితే కొత్త అధ్యాయం మొదలైందనుకునేదాన్ని. నవ్వులు వినపడితే టీ వచ్చిందనుకునేదాన్ని. దాన్నిబట్టి నేనూ మీతోపాటే చదువుకుంటూ వచ్చాను. ఒక్కోసారి మీకంటే ముందు అయిపోయేది. అప్పుడు ఆగేదాన్ని."

"ఎందుకూ?"

"మీరు లేకుండా ముందుకెళ్ళడం ఏం బాగుంటుంది?"

అంతే. చెంప మీద కొట్టినా అంత చప్పుడు కాదు. అద్దాలాయన నిటారుగా నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. ఆయన గొంతు సవరించుకుంటే ఏదో చలోక్తి వస్తుందని అందరికీ అలవాటు. నవ్వడానికి సిద్ధమై మొహాలు ఇటు తిప్పారు.

"చెమ్మ లేదండీ" అన్నాడు.

"అదే కదా, ఆరిపోయిందిగా" అన్నారు వకీలుగారు, చెయ్యి బిస్కెట్ల పళ్ళెం మీదే ఉంచి.

"ఆరడానికి ముందు తడవాలి కదండీ. తడవలేదు. ఎప్పుడూ లేదు. ఆ తలుపు మీద రాసింది నేనే, అబద్ధం రాశాను. ఈవిడ మేడ ఎక్కలేదనే మేడ ఎంచుకున్నాను. ఈవిడ ఇందాక మీతో అన్న మాట... అది కూడా నా అబద్ధమే. ఈవిడ నోట్లో నేను పెట్టింది."

కొత్తకోడలు టీ కప్పు కింద పెట్టేసింది. వకీలుగారి చెయ్యి పళ్ళెం మీంచి మెల్లగా వెనక్కి వచ్చి ఒళ్ళో దాక్కుంది. అందరూ నేలకేసి చూస్తున్నారు. ఆ చూపుల్ని చూస్తే అద్దాలాయనకి ఇంకో సంగతి తెలిసింది. వీళ్ళలో చెమ్మని నిజంగా నమ్మినవాళ్ళు, కొత్తకోడలు తప్ప, ఎవరూ లేరు. అడగకుండా ఉండటం అందరికీ సుఖంగా ఉంది, అంతే. పదిమంది కళ్ళకీ ఒకే నంబరు అద్దాలు బిగించి కూర్చోబెట్టాడు తను.

"నా ప్రశ్న నచ్చలేదనా?" అంది వదిన. కోపం లేదు. పిల్లవాడి పలక చూసి ఈ అక్షరం ఇలా ఎందుకు దిద్దావని అడిగినట్టుంది.

"అవును వదినా."

"ఆలోచన నీ ఒక్కడిదేనా?"

అయ్యా, అమ్మా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. మీకు ఇన్ని వారాలుగా నేనూ ఆయన చెప్పిందే చెబుతూ వచ్చాను, వకీలుగారి బిస్కెట్టే దీనికంతటికీ మూలమని. కాదు. అద్దాలాయన ఈ ముక్క ఇప్పటిదాకా నాక్కూడా చెప్పలేదు.

కూలీల పుస్తకం అయిపోయిన నాడు, ఇంట్లో పనిచేసే మనుషుల మీద చివరి అధ్యాయం చదివారు. వదిన మామూలుగా చెయ్యెత్తి, "వాళ్ళకి వారంలో ఒక్క పూటైనా సెలవు ఉండాలర్రా, ఎవరెవరు ఇస్తున్నారు?" అని అందరినీ నిలదీసింది. అలా నిలదీస్తున్నప్పుడు ఆవిడ కుర్చీ వెనక, పిడుల మీద చేతులు ఆనించి, మరిది భార్య నిలబడి ఉంది. పొద్దున్నే మంచం మీంచి కుర్చీలోకి ఎత్తేది ఆవిడే, కుర్చీలోంచి స్నానాలగదికీ, మళ్ళీ మంచానికీ మార్చేది ఆవిడే. మనిషిని పెడదామంటే వదిన ఒప్పుకోదు, పరాయి చెయ్యి తన ఒంటి మీద పడకూడదు. ఎత్తీ ఎత్తీ ఈవిడ నడుముకి బెల్టు వచ్చింది. ఆ మధ్యాహ్నం ఇంటికెళ్ళి బెల్టు విప్పుకుంటూ భర్తతో అంది, "అక్క ఊళ్ళోవాళ్ళందరికీ సెలవు ఇప్పించిందండీ. నాకొక్క గంట ఇప్పించరూ? ఆదివారం, ఆ పుస్తకాల గంట. ఎవరి వెనకా నిలబడకుండా ఒక్క గంట కూర్చుంటాను."

అడిగింది గంట. దాన్ని నిజాయితీగా వదినని అడిగి తెచ్చే ధైర్యం ఆయనకి లేదు. అందుకని మెట్లెక్కాడు.

ఇప్పుడు ఆయన ముందు రెండు దారులున్నాయి. 'ఆలోచన నాదే' అంటే, ఇప్పుడే అబద్ధం కడుక్కున్న నోటితో, అదే మనిషి మొహం మీద రెండోది ఆడినట్టు. 'కాదు' అంటే, నడుం పడిపోయినా పల్లెత్తు మాట అనని భార్యని పదిమందిలో నిలబెట్టినట్టు. అద్దాల షాపులో ఎవరైనా వస్తే ఒక అద్దం పెట్టి, ఇంకో అద్దం మార్చి, ఇది బాగుందా అది బాగుందా అని అడుగుతాడు ఆయన. ఈ రెండిట్లోనూ ఏదీ బాగాలేదు.

"నా ఒక్కడిదే వదినా" అన్నాడు.

"నా వైపు చూసి చెప్పు."

చూడలేకపోయాడు.

"నువ్వు ఒక్కడివే అయితే ఇక్కడితో వదిలేస్తానయ్యా. ఇంటికెళ్ళి అన్నం తిందాం. కానీ ఎవరో నేను లేని చోటు కావాలనుకున్నారు. వాళ్ళెవరో నాకు తెలియాలి. తెలియకపోతే వచ్చే ఆదివారం నుంచి ఎవరి పక్కన కూర్చోవాలన్నా నాకు భయమే" అంది.

వకీలుగారు లేచి, "నాకు క్లయింటు..." అంటూ తలుపు వైపు కదిలారు. గుమ్మం దగ్గర ఆయనకి దారి లేదు.

అద్దాలాయన భార్య అక్కడ ఉంది. మెట్లు ఒక్కొక్కటే దిగి ఇప్పటికి చేరింది. ఎంతసేపట్నుంచి వింటోందో తెలీదు. ఒక చెయ్యి నడుము మీద ఉంది. వకీలుగారిని తప్పించుకుని లోపలికి నడిచింది. అలవాటున కుర్చీ వెనక్కే వెళ్తుందనుకున్నారంతా. వెళ్ళలేదు. వదిన ఎదురుగా వచ్చి, ఖాళీగా ఉన్న కుర్చీ ఒకటి జరుపుకుని కూర్చుంది. ఇద్దరి మోకాళ్ళూ తగిలేంత దగ్గరగా.

"ఆయన్ని వదిలెయ్ అక్కా. నీ కుర్చీ వెనక నిలబడకుండా ఒక్క గంట కావాలని అడిగింది నేను."

వదిన ఒళ్ళోని పుస్తకం తీసి పక్క కుర్చీలో పెట్టింది. మరిదికి ముందు సిగ్గేసింది. ఆ వెంటనే, భార్య మాట పూర్తి కాకముందే తనకి తేలిగ్గా అనిపించినందుకు అంతకంటే ఎక్కువ సిగ్గేసింది.

"ఆ ఒక్క గంటే కాదక్కా. ఇంకా ఉంది" అంది భార్య. "ఆయనకి కూడా తెలీదు. ఇంటికెళ్ళాక చెప్పమంటావా?"

అందరూ సంచులు, చెప్పులు వెతుక్కుంటూ లేవబోయారు. వదిన చెయ్యెత్తింది.

"ఎవరూ లేవకండి. వేరేవాళ్ళ ఇళ్ళ సంగతులైతే ఎన్ని వారాలైనా కూర్చుని వింటారుగా" అంది. అని తోడికోడలి చెయ్యి అందుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. "తలుపు వెయ్యమ్మా కొత్తకోడలా. నువ్వు చెప్పు చెల్లీ. ఇక్కడే చెప్పు."